నాన్న పిడికిలి

నాన్నకు,

నీ చిన్నకూతుర్ని, నమస్కారాలతో రాస్తున్నాను. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, పిల్లా కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ రాస్తే ప్రాణం కుదుటపడింది. మెట్లెక్కొద్దంటే వినవు కదా!

"ఆ నలభై బొమ్మలూ నీ మాట వింటాయా?" అని అడిగావు. మాట కాదు నాన్నా, చెయ్యి. కుడిచేతికి వైర్లున్న గ్లౌజు తొడుక్కుని అద్దాల గదిలో నిలబడతాను. ఎదురుగా ఇనప గోదాం. నువ్వు బొమ్మలన్న అరచేతంత రోబోలు దాని గోడలకు అతుక్కుని తుప్పు గీకుతుంటాయి. అరచెయ్యి చాపితే చెదిరిపోతాయి. ఎటు చెయ్యెత్తి పిడికిలి బిగిస్తే అటు వెళ్లి గుమిగూడతాయి. బొటనవేలితో చిటికెనవేలు నొక్కితే ఆగిపోతాయి. నీ మనవరాలు మాత్రం రెండు చేతులూ ఊపినా అన్నం దగ్గరికి రాదు.

"రేవులో క్రేను కింద సైగలు చేసే మనిషి కూతురివని అక్కడ చెప్పావా?" అనీ అడిగావు. జవాబు ఆలస్యమైంది అందుకే. చెప్పలేదు నాన్నా. చదువుకున్నవాళ్ల మధ్య చిన్నతనంగా అనిపించింది. నన్ను తిట్టు, పడతాను.

పోయిన మంగళవారం రంగులేసే ఆయన చెప్పాపెట్టకుండా గోదాంలోకొచ్చి, మూడంతస్తుల ఎత్తున పరంజా ఎక్కాడు. రోబోలు అటే పోతున్నాయి. నేర్చుకున్నదంతా మరిచిపోయి ఆయనవైపు చెయ్యెత్తి పిడికిలి బిగించాను. నీ 'ఆపు' సైగ, చిన్నప్పుడు రేవు గేటు దగ్గర నిన్ను చూసి నేర్చుకున్నదే. వాటికది 'రండి' అనే సైగ కదా, నలభై రోబోలూ బిలబిలమంటూ వెళ్లి ఆయన కాళ్ల చుట్టూ మూగాయి. ఒక్క అడుగు వెనక్కి వేస్తే కిందపడేవాడు. వేయలేదు.

రిపోర్టులో గ్లౌజు పనిచేయలేదని రాశాను. ఇక్కడ గ్లౌజులు కుట్టి వైర్లు బిగించే ఆవిడను, నేను అక్కా అని పిలిచే ఆవిడను, పనికి రావద్దన్నారు. వెళ్తూ వెళ్తూ, "నీ చేతికేం కాలేదు కదా?" అని అడిగింది. తలెత్తి చూడలేకపోయాను.

నిన్న క్యాంటీన్‌లో రంగులాయన ఎదురుపడ్డాడు.

"అద్దంలోంచి మీ పిడికిలి కనబడిందమ్మా. కదిలితే ఒట్టు! పదేళ్లు రేవులో చేశాను. ఆ చెయ్యి లేస్తే ఎక్కడివాళ్లం అక్కడ ఆగాల్సిందే. ఎవరు నేర్పారు?"

"మా నాన్న" అన్నాను. ఇక్కడ ఆ మాట అనడం అదే మొదటిసారి.

రేపు పొద్దున్నే మేనేజర్ గదికెళ్లి తప్పు గ్లౌజుది కాదు, నాదని చెప్పి, ఆ అక్కను వెనక్కి పిలవమంటాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. భయంగానే ఉంది. ఆ సైగ ఎవరు నేర్పారని అడుగుతారు. అదీ చెబుతాను.

ఇట్లు,
క్రేను సైగల మనిషి చిన్నకూతురు