పదిహేడో వ్యాసం తీయడానికి వీల్లేదు

నరసన్నపేట కాపురస్థురాలిని, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయినిని, డెబ్బై తొమ్మిదేళ్ల పొట్నూరు ఝాన్సీలక్ష్మిని. బీపీ మాత్ర తప్ప మరే ప్రభావమూ లేకుండా, ఎవరూ పక్కన కూర్చోకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఇదే మొదటిది, ఇదే చివరిది.

1. నా స్వార్జితమైన డాబా ఇల్లు నా తదనంతరం నా కొడుకు ప్రమోద్‌కి సర్వహక్కులతో చెందుతుంది. అయితే నాలుగో అంశానికి లోబడి.

2. సినిమా దర్శకుడైన నా తమ్ముడు ధర్మారావు సినిమాల మీద, నటుల మీద రాసిన నలభై రెండు వ్యాసాలు నా బీరువాలో ఉన్నాయి. పోయే ముందు వాటి హక్కులు నాకు రాసిచ్చాడు. వాటిని నా డిపాజిట్ సొమ్ముతో పుస్తకంగా వేయించే బాధ్యత మా స్కూలు లెక్కల మాస్టారు డేవిడ్‌రాజు గారిది. ఆయన జీవితంలో ఎవరికీ అరమార్కు కలపలేదు. అందుకే ఆయన.

3. పదిహేడో వ్యాసం తీసేయమని ప్రమోద్ రెండేళ్లుగా పోరుతున్నాడు. "నీ పరువు పోతాదమ్మా" అంటాడు. అందులో ఉన్నది ఇదీ: తమ్ముడి మొదటి సినిమాలో తల్లి వేషం శ్రీముఖలింగం ఊరి బుల్లమ్మ వేసింది. ఆమె యాస మోటుగా ఉందని, వేరే గొంతు పెట్టాలని నిర్మాత అన్నాడు. ఒప్పుకోవద్దని తమ్ముడు నన్ను బతిమాలుతున్నా, నేనే మద్రాసు వెళ్లి ఆమె మాటలన్నీ నా గొంతుతో చెప్పాను. తల్లి ఏడ్చే సీను గురించి "కొడుకు శవం ముందు మా అక్క పాఠం అప్పజెప్పింది" అని రాశాడు తమ్ముడు. నిజమే. శ్రీకాకుళంలో సినిమా చూస్తూ బుల్లమ్మ, "ఓలమ్మ, నా నోట్లో ఎవులో కూకున్నారేటి?" అంది. పక్క సీట్లో ఉన్నది నేనే. నోరు విప్పలేదు. వ్యాసాన్ని పత్రికకీ పంపనివ్వలేదు. వాడు బతికుండగా అది అచ్చు కాలేదు.

4. నా పరువు కాపాడమని నేనెవరినీ అడగలేదు. ఆ వ్యాసం తీసినా, కుదించినా, నా పేరు బదులు "ఒకావిడ" అని వేసినా ఇల్లు ఊరి గ్రంథాలయానికి పోతుంది. ఒరే ప్రమోద్, కోర్టుకెళ్తే వెళ్లు. దస్తావేజులన్నీ సరిగ్గా ఉన్నాయి.

5. కోడలు కన్యాకుమారికి నా కుట్టుమిషను, ఎర్రంచు చీర. నా కూరలో ఉప్పు తక్కువని చెప్పే ధైర్యం ఇంట్లో ఆమెకొక్కదానికే ఉంది.

6. షూటింగులో పట్టిన బుల్లమ్మ సొంత గొంతు టేపును తమ్ముడు దాచాడు. అది ఆమెది, ఆమెకే ఇవ్వాలి. నేను ఒక్కసారి పెట్టి, చివరిదాకా వినలేకపోయాను. పుస్తకం విడుదల సభలో నన్ను ఎవరూ పొగడకూడదు. ఆ టేపు వేయాలి, అదీ బుల్లమ్మ సరేనంటేనే. కాదంటే అందరూ టీ తాగి ఇళ్లకి వెళ్లండి.

నరసన్నపేట, 9 ఫిబ్రవరి 2015
(సంతకం) పొట్నూరు ఝాన్సీలక్ష్మి

మా ఎదుట సంతకం చేశారు:
1. రాంబాబు, మందుల షాపు
2. సత్యవతి, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని