పడిపోవలసిన మొక్కలు

నల్లగండ్ల

అక్కయ్యకూ బావగారికీ నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను కులాసా. తెలంగాణ ఉద్యమం బందుల వల్ల కూరలు దొరకక రోజూ పప్పే. అంతకుమించి ఇబ్బంది లేదు, కంగారు పడకు.

మా ల్యాబులో పెంచే మొక్కల సంగతి చెప్పాను కదా, ఆవాల జాతివి. మొక్కలో ప్రతి కణం చుట్టూ గోడ ఉంటుంది. ఆ గోడలో కలిసే ఒక చక్కెరను మొక్క వేరే చక్కెర నుంచి తయారు చేసుకుంటుంది. ఆ పని చేయించే జన్యువు మా మొక్కల్లో చెడిపోయింది. అందుకే పొట్టిగా ఉంటాయి, వంచితే కాండం పుటుక్కున విరుగుతుంది.

బస్సులు లేక దాదాపు రెండు వారాలు నేను సరిగా వెళ్ళలేదు. నాతో పనిచేసే స్వరూప ల్యాబు పక్కనే ఉంటుంది, మెదక్ అమ్మాయి. పొద్దున మొక్కలకు నీళ్ళు పోసి, సాయంత్రం ధర్నాకు వెళ్ళేది. తీరా నేను వెళ్ళి చూస్తే పొట్టి మొక్కలు పక్కనే పెంచే మామూలు మొక్కలతో సమానంగా నిలబడి ఉన్నాయి! కుండీల మీది పేర్లు రెండుసార్లు చూశాను. అది స్వరూప చూసింది.

"కుండీలు నేను మార్చిన అనుకుంటున్నవా అక్కా?"

"అలా కాదు, పొరపాటున ఏమైనా..."

"పొరపాటైతే పొరపాటని చెప్పనా? మనం శుద్ధి చేసిన నీళ్ళు అయిపోయినయ్. బోరు నీళ్ళు పోసిన. గంతే!"

ఆ రోజు నుంచి భోజనానికి నా బల్ల దగ్గరికి రాలేదు. ఈ ఊళ్ళో నాకున్న స్నేహం ఆమె ఒక్కతే. నేను సందేహించింది కుండీలనా, ఆమె ఊరినా అని నన్ను నేనే అడుగుతూ గడిపాను.

చివరికి ఇద్దరం ఆకులు కోసి పరీక్షకు పెట్టాం. ఆ చక్కెర ఇప్పటికీ లేదు. అంటే ఆ మొక్కలు అవే! చక్కెర లేకుండానే ఎలా నిలబడ్డాయి? గోడలోని పోగులను జతకట్టేది బోరాన్ అనే ఖనిజం. చక్కెర లేక వదులైన ఆ జతను బోరు నీళ్ళలో ఎక్కువగా ఉన్న బోరాన్ బిగించిందేమోనని నా అనుమానం.

స్వరూప జొన్నరొట్టెల డబ్బా నా ముందు పెట్టింది. "మొక్క చెప్తే నమ్మినవ్. నేను చెప్తే నమ్మలే. తిను ఇగ."

అక్కా, చీరాల నుంచి ఎవరైనా వస్తుంటే మీ పెరటి బోరు నీళ్ళు ఒక సీసా పంపు. స్వరూప వాళ్ళ ఊరివి తెస్తోంది. రెండూ పోసి చూస్తాం. పోసేది ఆమే. ఈసారి కుండీల మీది పేర్లు మళ్ళీ చూడకూడదని అనుకుంటున్నాను.

మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు. మా మొక్కలనూ మమ్మల్నీ దీవించమను.

నీ చెల్లెలు
సుశీల