నెమ్మదిగా ఉండండి

ఆసుపత్రిలో గుండె రోగులచేత వ్యాయామం చేయించే ఆల్వా గారికి నమస్కరించి వ్రాయునది.

రోజూ సరస్సు దాకా నడవాలనీ, కొంత ఆయాసం రావాలనీ మీరు ఆదేశించారు. సంతోషం. కానీ గుమ్మం దగ్గర "నెమ్మదిగా ఉండండి, పాస్టరు గారూ" అని సాగనంపారు. మనమంతా వీడ్కోలుకు అనే ఆ మాటనే నా భార్య గున్వోర్ వైద్యాజ్ఞగా పట్టుకుంది.

నేను బూట్లు తొడిగితే చాలు, "ఆవిడ నెమ్మదిగా ఉండమంది కదా. కూర్చో, కాఫీ తాగు" అంటుంది.

"అది వెళ్లిరమ్మనే మాటే" అంటే, "ఇన్నేళ్లు ప్రసంగాలు చేశావు, మాటలు తిప్పడం నీకొకరు నేర్పాలా" అంటుంది.

పక్కింటి సిక్స్‌టెన్ మా వాకిట్లో మంచు కూడా తానే ఎత్తిపోస్తున్నాడు. పడక విడిచి నడువుమని జీవితమంతా పరులకు బోధించిన నేను, నాలుగు మెట్లెక్కితే కాళ్లు వణికే స్థితికి దిగజారాను.

విసుగు ఎంత ఉన్నా ఆమెను నిందించలేను. వంటింట్లో నేను కూలిపోవడం చూసింది ఆమె ఒక్కతే. నా ఆయాసం వినబడితే ఆమెకు ఆ ఉదయమే కళ్లకు కడుతుంది. కనుక వచ్చే వారం ఆమెను కూడా పిలిపించి, ఆమె ఎదుటే నన్ను నడిపించండి. నా ఊపిరి బరువెక్కడమే కాదు, తిరిగి కుదుటపడటం కూడా ఆమె తన చెవులతో వినాలి.

ఇట్లు,
కుర్చీ విడువగోరు వృద్ధుడు