బహుమతి, నోటీసు, ఒకే జబ్బు

అన్నా,

దివంగతులకు ఉత్తరాలు వారి పై అధికారి ద్వారానే పంపవలెనని నియమం ఉండవచ్చు. నీ ప్రస్తుత పై అధికారి ఎవరో తెలియనందున నేరుగా రాస్తున్నాను.

నీవు పోయిన రెండేళ్లకు, నిన్న, గోదావరిఖనిలో డాక్టర్ల సదస్సు జరిగింది. మనం ఇంట్లో గుసగుసగా చెప్పుకున్న నీ బైపోలార్ జబ్బు గురించి వాళ్లు మైకులో మాట్లాడారు. రెండు దవాఖానలు కలిసి పరిశోధన చేస్తాయట. రోగి ఉత్సాహం, కుంగుబాటు నెలనెలా ఎలా మారాయో చూపే రికార్డు మాత్రం ఎవరి దగ్గరా లేదట.

వదినతో కలిసి వెళ్లి, గని ఆఫీసు గుమస్తాగా నేను రాసిన నీ హాజరు నకలు వాళ్ల బల్లపై పెట్టాను. ఎండాకాలమంతా డబుల్ డ్యూటీలు, ఉత్తమ కార్మికుడి బహుమతి. వానాకాలం మంచం దిగలేదు, నాగాలకు నోటీసు. రెండు కాగితాలూ టైపు చేసింది నేనే.

వదిన లేచింది. "డాక్టర్ సాబ్, దండ ఏసింది జబ్బుకే, నోటీసిచ్చింది జబ్బుకే. మనిషిని ఎట్లున్నవని ఎవ్వలన్న అడిగిన్రా?"

ప్రశ్న డాక్టర్లకు, దాని నకలు నాకు.

నీ రికార్డును పేరు తీసేసి వాడుకుంటామని పెద్ద డాక్టరు అన్నాడు.

"రెండేండ్ల సంది అందరు తీసేసిందే గది. పేరుంటెనే ఇస్తం," అంది వదిన. ఆయన ఒప్పుకునేదాకా కాగితం మీది నుంచి చెయ్యి తీయలేదు.

కావున తెలియజేయునది: ఇకపై మన ఇంటి నుండి శాశ్వతంగా వెళ్లదలచినవారు మూడు రోజుల ముందు నాకు దరఖాస్తు పెట్టవలెను. నేను మంజూరు చేయను. ఈ నిబంధన అంతిమం. నీకు పాత తేదీ నుండి వర్తించును.