దర్జీ ఆవిడకు తోడుగా

అమ్మాయ్,
పాలు కాచి మూతపెట్టాను, పిల్లితో జాగ్రత్త. నీళ్లు వస్తే బిందెలు నింపు.

పక్కింటి దర్జీ ఆవిణ్ణి శుక్లాల ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాను. సూదిలో దారం ఎక్కించలేక మిషనే మూసేసింది పాపం. ఇంతకాలం ఆసుపత్రి దూరమని వంక పెట్టింది. ఇప్పుడు వాళ్ల వ్యానే మన వీధిలోకి వస్తోంది. అయినా, "ఉన్న కాస్త చూపూ పోతే ఎలా వదినా? నువ్వు పక్కనుంటేనే ఎక్కుతా" అంది. నా ఆపరేషన్ రోజున నువ్వు నా చెయ్యి వదిలావా? నేనూ అంతే. రేపు కట్టు విప్పించుకుని వస్తాం.

అత్తయ్య

మరిచాను. చూపు వచ్చాకే నీ కళ్లకింద నలుపు చూశాను. అడిగినప్పుడల్లా "బాగానే ఉన్నానత్తయ్యా" అని భలే నమ్మించావు. ఎల్లుండి నుంచి పొద్దుటి వంట నాది. ఎండ మొహాన పడేదాకా పడుకో.