చప్పుడు ఆగిన సాయంత్రం

ప్రియమైన శ్రీమతికి,

ఇంట్లో అందరం క్షేమం అని రాయడం అలవాటు. ప్రస్తుతం ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి, నేను క్షేమం. నీ ట్రైనింగ్ బాగా సాగుతోందనీ, హాస్టల్ భోజనం కాస్త అలవాటైందనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. గులాబీ ఒక్కటే మొహం మాడ్చుకుని ఉంది, నా చేతి నీళ్లు తాగనని మొండికేసినట్టు. స్టవ్ బర్నర్ బాగుచేయించాను. దాని మీద నేనేం వండుతున్నానో మాత్రం అడగకు. కంప్యూటర్ ఇంకా రొద పెడుతోందా అన్నావు. లేదు. ఇప్పుడు దాని పక్కన కూర్చుంటే వంటింటి కుళాయి చుక్కలు కూడా వినిపిస్తున్నాయి. ఆ సంగతి కాస్త వివరంగా రాయాలి.

నువ్వు వెళ్లాక దాని రోగం ముదిరింది. నాలుగు పేజీలు తెరిచానో లేదో, లోపలి ఫ్యాను గింగిరాలు తిరిగేది. కాసేపటికి వేడెక్కి మెషిన్ దానంతటదే ఆగిపోయేది. చెక్క గోడకు అవతల గదిలో మావయ్యగారికి మధ్యాహ్నం కునుకు కూడా కరువైంది. అయినా ఆయన పల్లెత్తు మాట అనలేదు. "మీ బస్సు కొండెక్కుతున్నట్టుంది బాబూ" అని నవ్వేవారు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి కదా, పోలికలన్నీ అక్కణ్ణుంచే.

ఆయన నిద్ర కోసమైనా దాన్ని బాగుచేద్దామని, లోపలి వేడిని లాగేసే కొత్త కూలర్ కొనుక్కొచ్చాను. లోహపు రేకుల దిమ్మె, దానికో పెద్ద ఫ్యాను. నేను కంప్యూటర్ డబ్బా విప్పుతుంటే మావయ్యగారు టార్చి పట్టుకుని పక్కనే కూర్చున్నారు. లోపల దుమ్ము దూదిలా మేట వేసి ఉంది. "పాపం, ఇన్నాళ్లూ ఇది ఊపిరెలా పీల్చింది బాబూ!" అన్నారు. పాత ఫ్యాను ఊడదీసి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పేస్టు ఎండి అట్టకడితే, దాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిచాను. కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టాను. ఆయన దిమ్మెను రెండు చేతులా కదలకుండా పట్టుకుంటే నేను స్క్రూలు బిగించాను. వైరు తగిలించి స్విచ్ వేశాను.

"వచ్చిందా?" అన్నారు.

"వచ్చింది మావయ్యగారూ."

"మరి చప్పుడేదీ?"

ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వాం. ఆయన నా వీపు తట్టారు. నిజం చెప్పొద్దూ, చాలా గొప్పగా అనిపించింది.

ఇక నీ అసలు ప్రశ్న. మీ నాన్న ఫోన్ ఎందుకు తీయడం లేదని అడిగావు. మీ అక్క మీద బెంగపడి వెళ్లారని నీకు చెప్పాను. అది అబద్ధం. ఫోన్‌లో చెబుదామంటే నీ గదిలో ఇంకో ముగ్గురుంటారు, నాకేమో నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

కూలర్ బిగించిన ఆ సాయంత్రమే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "వదిన లేకుండా ఎలా ఉంది అన్నయ్యా?" అన్నాడు.

"ఏముందిరా, ముసలాయనకు కాపలా. తిన్నారా, మందు వేసుకున్నారా, ఇదే గోల. పెద్ద కూతురు హాయిగా ఉంది, ఈయన్ని నా నెత్తిన రుద్దారు. ఎక్కడికైనా పంపించేస్తే తప్ప నాకు ఊపిరాడదు" అన్నాను.

ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక గోడ అవతల పేపరు మడిచిన చప్పుడు వినిపించింది. ఒక్కొక్క మడతా వినిపించింది. పాత రొద ఇక లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

కాసేపటికి మావయ్యగారు బయటికొచ్చారు. నా వైపు చూడలేదు. కంప్యూటర్ మీద చెయ్యి వేసి, "బాగా కుదిరింది బాబూ. ఇప్పుడన్నీ వినపడుతున్నాయి" అన్నారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉన్నా తట్టుకునేవాణ్ణి. లేదు.

మర్నాడు ఆయన బ్యాగు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశాను. "ఉండండి" అన్న ఒక్క మాట నా నోట రాలేదు. పైగా ఆయన మెట్లు దిగాక గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. సిగ్గులేకుండా ఇది కూడా నీకు రాస్తున్నాను.

ఆ తేలిక రెండు పూటలు కూడా నిలవలేదు. మొన్న ఆదివారం మీ అక్క ఇంటికి వెళ్లాను. ఆయన మేడమెట్ల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు.

"క్షమించండి మావయ్యగారూ. ఆ రోజు ఏదో విసుగులో నోరు జారాను" అన్నాను.

ఆయన చొక్కా మడత సరిచేస్తూ, "నోరు జారింది ఆ రోజేనా బాబూ, లేక నాకు వినపడింది ఆ రోజా?" అన్నారు.

తల వంచుకున్నాను. "అది మొదటిసారి కాదు" అన్నాను. కాదు మరి. ఆ రొద చాటున తమ్ముడితో, స్నేహితులతో ఎన్నిసార్లు అన్నానో. ఆయన మీద చాడీలు చెప్పుకోవాలనిపించి, పని లేకపోయినా మెషిన్ ఆన్ చేసిన రోజులున్నాయి. అది కూడా ఆయనతో చెప్పేశాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. మళ్లీ ఇంకో చొక్కా తీసుకున్నారు. "ఇంటికి వస్తారా?" అని అడిగాను.

"ఇప్పుడు కాదులే బాబూ. కొన్నాళ్లు పోనీ." తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయికి మాత్రం చెప్పకు. అక్కడ చదువుకోవాల్సిన పిల్ల, మనసు పాడుచేసుకుంటుంది. నీ మీద దాని మనసు విరగడం నాకిష్టం లేదు" అన్నారు.

మీ అక్కకు ఏమీ తెలియదు. ఇంటి అల్లుడు వచ్చాడని కుర్చీ వేసి, టీ తెచ్చి ఇచ్చింది. కప్పు అలాగే వదిలి వచ్చేశాను.

ఆయన చెప్పొద్దన్నాక ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నిన్న నువ్వు ఫోన్‌లో, "మా నాన్నను కన్నకొడుకులా చూసుకుంటున్నావని ఇక్కడ అందరికీ చెబుతుంటాను" అన్నావు. నేను "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" నన్ను నిద్రపోనివ్వలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాను. రమ్మని పిలుస్తాను. రాకపోతే కాసేపు ఆయన పక్కన కూర్చుని వస్తాను. నన్ను ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు. నా దగ్గరెందుకు దాచావని ఆయన్ని మాత్రం కోప్పడకు. ఆయన దాచింది తన బాధను కాదు, నా పరువును.

ఇట్లు,
ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేని
నీ భర్త