అంగమ్మాళ్‌కు అల్లం తొట్టి

పుదుచ్చేరి నెల్లితోపులో అద్దె ఇంట్లో ఉంటూ, ప్రభుత్వ హాస్టలులో వంటమనిషిగా పనిచేసి రిటైరైన, కీ.శే. మునియన్ గారి పెద్ద కూతురు ము. కన్నియమ్మాళ్ అనే నేను, వయసు అరవై ఆరు, ఒంట్లో షుగరు తప్ప మతిలో ఏ లోపమూ లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసేంత కోపం ఇంతకుముందు రాలేదు.

1. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అయినా ఆ అక్షరాలు చదవడం ఎవరికీ రాదు. యానాంకు బదిలీ అయిన నాలుగేళ్ళలో హాస్టలు పిల్లల దగ్గర నేను నేర్చుకున్నాను. నా చెల్లెలు అంగమ్మాళ్ దీన్ని తనంతట తాను చదివి, మడిచి దాచిపెట్టకూడదనే తెలుగులో రాస్తున్నాను. యానాంలో నాతో పనిచేసిన బాలమురుగన్‌ను కార్యనిర్వాహకుడిగా నియమిస్తున్నాను. అతను అందరి ముందూ దీన్ని పైకి చదవాలి. ఆమె కూర్చుని వినాలి.

2. నాకు స్థిరాస్తి లేదు. మేడ మీద ఉన్న పద్దెనిమిది తొట్లు, బక్కెట్లు, కోసిన నీళ్ళ క్యాన్లే నా ఆస్తి. వాటిలో ఏదీ విత్తనాల అంగడిలో కొన్నది కాదు. అన్నీ వంటింట్లో చెత్తలోకి పోవలసినవే.

3. చెల్లెలి కూతురు ఇలక్కియకు నా చిన్న కత్తి, పుదీనా, ఉల్లి తొట్లు. పుదీనా కాడను కణుపు కింద కోసి గ్లాసు నీళ్ళలో నిలబెట్టాలి, నీళ్ళు రోజూ మార్చాలి. ఉల్లిని వేరుకు రెండు వేళ్ళ వెడల్పు పైన కోసి, ఆ మొదలు మళ్ళీ నాటాలి. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నిశ్చితార్థం నాడు నవ్వనిది ఆమె ఒక్కతే.

4. మేడ తడిసి గోడ ఉబ్బుతోందని నెలనెలా గొడవపడి, నెలనెలా కొత్తిమీర పట్టుకెళ్ళిన ఇంటి ఓనరు విజయరంగన్ గారికి కొత్తిమీర బక్కెట్టు. ఇకమీదట నీళ్ళు ఆయనే పోసుకోవాలి.

5. అల్లం తొట్టి సంగతి. మా అమ్మ కిరుమాంబాక్కంలో పెరట్లో వేసిన అల్లం అది. ఏటా ఆకులు ఎండగానే తవ్వి, అంతా వంటకు వాడినా, కన్నున్న కొమ్ము ఒకటి తీసిపెట్టి మళ్ళీ నాటేది. ఆమె పోయాక నేనూ అలాగే చేశాను. 2011లో యానాం పోతూ ఆ తొట్టిని అంగమ్మాళ్‌కు అప్పగించాను. 2015లో తిరిగొస్తే నిండా ఆకులతో చేతికిచ్చింది. సంతోషం పట్టలేక ఆమెకు చీర పెట్టాను. తొమ్మిదేళ్ళు ఆ కొమ్మునే నాటుతూ, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అల్లం టీ ఇచ్చి, ఇది మా అమ్మ చేతి ఘాటు అని చెప్పుకున్నాను. చెప్తూ కళ్ళు తుడుచుకున్నాను కూడా.

నిరుడు ఇలక్కియ నిశ్చితార్థం భోజనాల దగ్గర అంగమ్మాళ్ అందరికీ దాన్నొక తమాషాగా చెప్పింది. అమ్మ అల్లం మొదటి ఏడే పచ్చడిలోకి పోయిందట, ఒక్క కొమ్ము కూడా మిగల్లేదట. నేను తిరిగి వస్తున్నానని తెలిశాక మార్కెట్టులో కొని నాటిందట. బంతి బంతంతా నవ్వింది. నా ముఖం చూసి ఆమె అన్న మాట ఇది: "అల్లం అల్లమే గదక్కా. యాడ కొంటే ఏంది? నీకే తెలీలేదు గదా."

పచ్చడి చేసినందుకు నాకు బాధ లేదు. తినే వస్తువు, తిన్నారు. యానాం నుంచి ఫోన్ చేసి అల్లం ఎలా ఉందని అడిగినప్పుడల్లా, బాగుందక్కా అంది. అది మరిచిపోలేను. నా నాలుకను కూడా క్షమించలేకపోతున్నాను. అమ్మ అల్లాన్ని అది గుర్తుపట్టలేదు.

6. ఆ అల్లం తొట్టిని నా తదనంతరం సర్వహక్కులతో అంగమ్మాళ్‌కే రాస్తున్నాను. ఏటా కన్నున్న కొమ్ము ఒకటి తీసి నాటాలి. ఎవరైనా అడిగితే అమ్మ అల్లం అనకూడదు. నా చేతిలో మొలిచింది గనుక అక్క అల్లం అనాలి. ఈ షరతు నిలబెట్టిందా లేదా అని బాలమురుగన్ తనిఖీ చేయనక్కరలేదు. ఆమె దాన్ని తినేసి మార్కెట్టులో వేరేది కొని నాటినా ఎవరూ కనిపెట్టలేరు. నేనే కనిపెట్టలేకపోయాను.

అంగమ్మాళ్‌కు మాత్రం తెలుస్తుంది.

నెల్లితోపు, 9 ఆగస్టు 2025

(సంతకం) ము. కన్నియమ్మాళ్

సాక్షులు, చదివి వినిపించగా విని, తమిళంలో సంతకం చేసినవారు:
1. అయ్యాసామి, ఎదురింటి వారు
2. గోకుల్, మందుల షాపు